అధ్యక్షులవారికి నమస్కారం

మొన్న రాత్రి తొమ్మిదింటికి మా మనవరాలు బాపట్ల నుంచి ఫోను చేసింది. ఆ పిల్ల అక్కడ ఇంజినీరింగు చదువుతోంది. ఆదివారం కాని రోజున ఫోను వచ్చిందంటే నాకు గుండె దడే. "ఏమే, ఒంట్లో బాగుందా?" అన్నాను. "ఒళ్ళు బాగానే ఉంది అమ్మమ్మా, రేపు క్లాసులో అందరి ముందూ నిలబడి పది నిమిషాలు మాట్లాడాలి. ఇప్పట్నించే కడుపులో తిప్పుతోంది. నువ్వు మహిళా మండలిలో ఉపన్యాసాలిచ్చేదానివిటగా, అమ్మ చెప్పింది. నీకు భయం ఎలా పోయిందో చెప్పు" అంది.

ఏం చెప్పను? పోలేదే తల్లీ అంటే పిల్ల ఇంకా బెంబేలెత్తుతుంది. పోయిందంటే అబద్ధం. "పొద్దున్నే ఇంత పెరుగన్నం తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో మాత్రం పోకు" అని ఆ పూటకి తప్పించుకొన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. పిల్ల అడిగిన ప్రశ్న తెనాలి దోమలకంటె గట్టిగా కుట్టింది.

సభాకంపం అని మనవాళ్ళు ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి. భూకంపం లాంటిదే ఇదీను. కాకపోతే భూకంపానికి ఊరంతా కూలుతుంది, సభాకంపానికి మనం ఒక్కళ్ళమే కూలిపోతాం, ఊరంతా కూర్చుని చూస్తుంది.

నేను కూలింది 1957లో, పదకొండేళ్ళప్పుడు, ఆగస్టు పదిహేనున. ఏ బళ్ళోనో ఎందుకు లెండి. మాస్టారు రాసిచ్చిన ఉపన్యాసం వారం రోజులు వల్లె వేశాను. మా ఇంట్లో గోడలకి కూడా వచ్చేసింది. తీరా బల్ల ఎక్కాక, "గౌరవనీయులైన అధ్యక్షులవారికీ, పూజ్యులైన ఉపాధ్యాయులకూ, తోటి విద్యార్థినీ విద్యార్థులకూ నా నమస్కారములు" అన్నాను. ఆ తరవాత మాట లేదు. బల్లకింద చీమలబారు కనిపిస్తోంది, మాస్టారి మీసాలు కనిపిస్తున్నాయి, ఉపన్యాసం మాత్రం ఎక్కడా కనిపించదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి మళ్ళీ ఒకసారి "అధ్యక్షులవారికి నమస్కారం" అనేసి దిగిపోయాను. నవ్వులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆనాటి నుంచి పెళ్ళై తెనాలి వచ్చేదాకా మా రేపల్లెలో నా పేరు "నమస్కారాలమ్మాయి".

చిత్రం ఏమిటంటే, మా ఇంట్లో గొంతులేని ఆడది ఒక్కతె లేదు. మా అమ్మ పెరట్లోంచి పిలిస్తే మూడిళ్ళ అవతల ఉన్న పాలవాడు పలికేవాడు. కాలవ రేవులో చాకిరేవు తగువులు వింటే ఏ ప్లీడరూ పనికిరాడు. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళ మాటల పోట్లాటలు చెప్పనే అక్కర్లేదు. అదే గొంతు నలుగురు మొగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్న చోటికి రాగానే తలుపు చాటుకి పోయేది. కాబట్టి భయం గొంతులో లేదు. మరి ఎక్కడుంది?

భారతంలో ద్రౌపది సభలో నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది: తనను తాను ఓడినవాడికి నన్ను పందెం ఒడ్డే హక్కు ఉందా అని. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని నసిగాడు. మన పురాణ కాలక్షేపాలన్నిట్లోనూ ఆ ఘట్టం ఎన్నిసార్లో విన్నాం, కన్నీళ్ళు పెట్టుకొన్నాం. ఇంటికొచ్చాక మాత్రం "ఆడపిల్లవి, సభలో నీకేం పనే" అనే అన్నాం.

ఇక మా ఊరి సంగతి. తెనాలి నుంచి రేపల్లెకి 1916లో రైలు వచ్చింది. ఆ పట్టాలు రేపల్లెతో సరి. అక్కణ్ణించి ముందుకు పోవాలంటే నా చిన్నప్పుడు పెనుమూడి రేవులో పడవెక్కి, కృష్ణ దాటి, అవతల పులిగడ్డలో దిగేవాళ్ళం. ఇప్పుడు వంతెన ఉంది గాని, ఆ పడవలో చెయ్యి నీళ్ళలో పెట్టి కూర్చోవడంలో ఉన్న సుఖం బస్సులో లేదు. అటు పోతే బందరు. మేము బందరంటే లడ్డూలే అనుకొనేవాళ్ళం. అసలు కబురు అది కాదు. 1902లో ఆ బందరులోనే భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబగారు కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. తెలుగునాట ఆడవాళ్ళు తమకోసం తామే పెట్టుకొన్న మొదటి సమాజాల్లో అది ఒకటి.

అచ్చమాంబగారు 1874లో పుట్టారు. బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకొన్న చదువు. ఆ చదువుతోనే అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. 1905లో, ముప్ఫై ఒక్క ఏళ్ళయినా సరిగా నిండకుండా వెళ్ళిపోయారు. నన్నడిగితే ఆమె చేసిన పనుల్లో పుస్తకం ఎంత గొప్పదో సమాజాలు అంత గొప్పవి. ఎందుకంటే ఆ సమాజాల్లో జరిగింది ఏమిటి? పది మంది ఆడవాళ్ళు ఒక ఇంట్లో చేరి, ఒకామె ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాగితం లేచి చదవడం, మిగతావాళ్ళు వినడం. చదివింది బాగుంటే పత్రికకి పంపేవారు. అదే 1902లో పుట్టిన హిందూసుందరిలాంటి పత్రికలు అలాంటివాటికోసం కాచుకొని ఉండేవి. వినేవాళ్ళందరూ మనలాంటి వాళ్ళే, తప్పుపోతే నవ్వినా మళ్ళీ వాళ్ళే కాఫీ ఇస్తారు. భయాన్ని కొంచెం కొంచెంగా, ఇంట్లోనే, తలుపులు వేసుకొని అరగదియ్యడం అన్నమాట. నా పదకొండో ఏట నన్ను ఒక్కసారిగా మూడొందలమంది ముందు బల్లెక్కించే బదులు అలాంటిదేదైనా చేసి ఉంటేనా!

పదకొండేళ్ళ తరవాత ఆ కాగితం ఇల్లు దాటింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిందని మనందరం బళ్ళో చదువుకొన్నాం. బయ్యా నరసింహేశ్వర శర్మగారు అధ్యక్షులు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కావాలా వద్దా అని వాదోపవాదాలు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మాకు ఎవరూ చెప్పనిది, ఆ ఏడే ఆ బాపట్లలోనే ప్రథమాంధ్ర మహిళా సభ కూడా జరిగిందని. దానికి కోటికలపూడి సీతమ్మగారు అధ్యక్షత వహించారు. ఈవిడా 1874లో పుట్టినావిడే, వీరేశలింగం పంతులుగారి శిష్యురాలు, కవయిత్రి. అంటే నేను బల్లమీద నిలబడి "అధ్యక్షులవారికి" అని పుంలింగంలో దండం పెట్టడానికి నలభై నాలుగేళ్ళ ముందే, నలభై యాభై కిలోమీటర్ల దూరంలో, ఒక అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుందన్నమాట! ఆ సంగతి ఆనాడు మా మాస్టారికి తెలిసి ఉంటే ఏమనేవారో.

ఇంకొకటి ఆలోచించండి. 1913 నాటికి మన ఊళ్ళకి మైకు రాలేదు. చివరి వరసదాకా వినపడాలంటే గొంతెత్తాల్సిందే. "ఆడది గట్టిగా మాట్లాడకూడదు" అని పుట్టిన దగ్గర్నుంచి విన్న మనిషి, గట్టిగా మాట్లాడ్డమే ధర్మమైన చోట నిలబడింది. భావనారాయణస్వామి గుడికి వెళ్ళినప్పుడల్లా నాకు దేవుడి తరవాత ఆవిడే గుర్తొస్తుంది.

ఇదే బాపట్లలో ఇంకో తమాషా ఉంది. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకం వెయ్యబోతే చంద్రమతి వేషం వేసే మనిషి రాలేదు. అప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒకడు నేను కడతానని ముందుకొచ్చాడు. ఆయనే స్థానం నరసింహారావుగారు. బాపట్లలోనే పుట్టారు. ఆ ఒక్క రాత్రి తరవాత ఆయన జీవితమే మారిపోయింది. తెనాలి వచ్చి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా, చింతామణిగా, రోషనారగా ఆంధ్రదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు.

మా అమ్మమ్మ ఆయన సత్యభామను తెనాలిలో చూసింది. ఆడవాళ్ళకి వేరే చోటు, ముందర తెర కట్టి ఉండేదట. "నడిచి వస్తుంటే మాకు మా నడకమీదే అనుమానం వచ్చిందే" అనేది. ఇంటికొచ్చి ఆయన కట్టినట్టు చీర కట్టుకోబోయి అమ్మమ్మ అత్తగారిచేత చీవాట్లు తిన్నదిట. చిన్నప్పుడు ఈ కథకి పడీపడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వుతోపాటు ఇంకేదో అనిపిస్తుంది. వేలమంది ముందు భర్తను నిలదీసే భామ గొంతు మగవాడిది. ఆ గొంతుకి అసలు హక్కుదారులు తెర వెనక. స్థానంవారిది మహాకళ, అందులో సందేహం లేదు. వేళకి మనిషి రాకపోతే నేనున్నానని లేచిన ధైర్యం కూడా తక్కువది కాదు. నేను అనేది ఒక్కటే. ఆ కుర్రాడు లేవగలిగాడు. ఆ రాత్రి ప్రేక్షకుల్లో చంద్రమతి మాటలు కంఠతా వచ్చిన ఆడది ఉండే ఉంటుంది. ఆవిడ లేవడమనేది ఎవరి ఊహలోనూ లేదు, ఆవిడ ఊహలో కూడా.

ఆ మరుసటి ఏడు, 1921లో, కాకినాడలో జరిగింది మాత్రం నాకు ఎన్నిసార్లు చెప్పుకొన్నా తనివి తీరదు. గాంధీగారు వస్తున్నారు. దేవదాసీలకూ ముస్లిం స్త్రీలకూ ఆయన మాట వినిపించాలని పన్నెండేళ్ళ దుర్గాబాయి పట్టుబట్టింది. ఏర్పాట్లు చూసే పెద్దలు అయిదు వేలు చందా తెస్తే టైమిస్తామన్నారు. పిల్ల భయపడి ఊరుకొంటుందనుకొన్నారేమో! తెచ్చింది. గాంధీగారు వచ్చారు. ఆయన హిందీని ఈ అమ్మాయి ఆ స్త్రీలకి తెలుగులో చెప్పింది. తరవాత పెద్ద సభలో మా గుంటూరు కొండ వెంకటప్పయ్య పంతులుగారు తర్జుమా చెయ్యడానికి సిద్ధంగా ఉంటే, ఇకమీదట ఈ పిల్లే చేస్తుందని గాంధీగారు అన్నారట. దుర్గాబాయిగారు తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసుకొన్నారు.

ఆ పిల్లను ఎంచుకొన్న మనిషి ఎవరు? సభాకంపానికి తానే పెద్ద రోగి. ఇది నేను కల్పించింది కాదు, ఆయనే ఆత్మకథలో దాచకుండా చెప్పుకొన్నాడు. లండనులో శాకాహారుల సంఘంలో రాసుకొచ్చిన కాగితం చదవలేక ఒణికిపోతే ఇంకొకరు చదివి పెట్టారు. బొంబాయిలో ముప్ఫై రూపాయలకి మొదటి కేసు ఒప్పుకొని, కోర్టులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, కళ్ళు తిరిగి, కూర్చుండిపోయాడు. కేసు నావల్ల కాదు, పటేల్‌గారిని పెట్టుకోండి, ఫీజు వెనక్కి తీసుకోండి అని గబగబా బయటపడ్డాడు. ఆ పటేల్‌గారు యాభై ఒక్క రూపాయలు పుచ్చుకొని కేసు నడిపారు. బారిస్టరు గాంధీ నాకంటె నయమేం కాదు చూశారా! నేనైనా రెండుసార్లు నమస్కారం పెట్టాను.

అలాంటి మనిషికి మాట ఎక్కడొచ్చింది? 1893లో ప్రిటోరియాలో. ఒక సేటుగారింట్లో అక్కడి మన వర్తకులు చేరారు. వ్యాపారంలో నిజాయితీ గురించి, వాళ్ళు పడుతున్న అవమానాల గురించి మాట్లాడాడు. నా జీవితంలో మొదటి సభోపన్యాసం అదే అని రాసుకొన్నాడు. దానికి కొద్దిరోజుల ముందే ఆయన్ని రైల్లోంచి తోసేశారు కదా. లండనులో చెప్పవలసింది తన గొప్ప. ప్రిటోరియాలో చెప్పవలసింది పదిమంది గోడు. నాకైతే తేడా అక్కడే కనిపిస్తుంది. దుర్గాబాయికీ అంతే. తాను బాగా మాట్లాడుతున్నానా లేదా అని చూసుకొనే తీరిక ఆ పిల్లకి ఎక్కడిది? ఆ ఆడవాళ్ళకి మాట అందాలి, అంతే. ఇరవై అయిదేళ్ళ తరవాత రాజ్యాంగ సభలో కూర్చుని, అధ్యక్షపీఠం మీద కూర్చునే వంతు కూడా వచ్చేవాళ్ళ జాబితాలో ఏకైక మహిళగా నిలిచిన దుర్గాబాయిగారు ఆ కాకినాడ పిల్లే.

ఇంత చరిత్ర తెలిసి మాట్లాడ్డం మొదలెట్టాననుకొనేరు. అబ్బే! నేను మొదలెట్టింది ఇరుకున పడి. పెళ్ళై నేను తెనాలి వచ్చేసరికి ఈ ఊళ్ళో సభలకి కొదవ లేదు. ఆంధ్రా పారిస్ అని పేరు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు మునిసిపల్ చైర్మనుగా చేసి, సూతాశ్రమంలో కూర్చుని వాదాలు నడిపిన ఊరు. కొడవటిగంటి కుటుంబరావుగారి ఊరు, చక్రపాణిగారి ఊరు. సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట మైకు మోగేది. మావారు వెళ్ళి వినొచ్చి అన్నంలో నెయ్యి వేసుకొంటూ నాకు సారాంశం చెప్పేవారు. సారాంశమే చాలనుకొన్నాను చాలాకాలం.

1978లో మా వీధి చివర మహిళా మండలి పెట్టారు. కుట్లు, అల్లికలు, శుక్రవారం భజన. నెలకొకసారి ఎవరినో ఒకరిని పిలిచి మాట్లాడించేవారు. రిటైరైన పంతులమ్మగారు ఒకావిడ మాకు పెద్ద దిక్కు. ఒకనాడు నాకేసి చూసి, "వచ్చే నెల లేడీ ప్లీడరుగారొస్తున్నారు. వందన సమర్పణ నువ్వు చెయ్యి" అన్నారు. నా కాళ్ళకింద భూమి కదిలింది. "నాకు రాదండీ" అన్నాను. "వందనమేగా! నమస్కారం పెట్టడం వచ్చా?" అన్నారు. పాపం, ఆవిడకి నా పాత పేరు తెలియదు.

ఆవిడే ఉపాయాలు చెప్పారు. రాసింది వల్లె వెయ్యకు, వల్లె వేసింది ఒక్క మాట జారితే మొత్తం జారుతుంది. చెప్పవలసిన మూడు సంగతులు మాత్రం వేళ్ళమీద పెట్టుకో. అందరి మొహాలూ చూడకు, నీ మంచి కోరేవాళ్ళ మొహం ఒకటి వెతుక్కో. మొదటి మాటకి ముందు ఊపిరి పీల్చు. అన్నిటికన్నా, ఇంట్లో పైకి అని చూసుకో. మావారికి వినపడుతుందని సిగ్గు. వడ్లగదిలో దూరి, తలుపేసి, బస్తాలకి ఉపన్యాసం చెప్పాను. ఎలక ఒకటి మాత్రం శ్రద్ధగా వింది. చాలా ఏళ్ళ తరవాత అనిబిసెంటమ్మ ఆత్మకథ చదువుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. మదనపల్లెలో కాలేజీ పెట్టించిన ఆ తల్లి, లోకం మెచ్చిన వక్త, యవ్వనంలో ఒకరోజు భర్తగారి చర్చిలో ఎవరూ లేనప్పుడు తలుపులు వేసుకొని, ఖాళీ బల్లలకి ఉపన్యాసం చెప్పి, తన గొంతు తాను మొదటిసారి విన్నదట. ఆవిడకి చర్చి, నాకు వడ్లగది.

వందన సమర్పణలో ఒక చిక్కుంది. వచ్చినవాళ్ళు ఏం చెప్పారో మనం రెండు ముక్కల్లో తిరిగి చెప్పాలి. అంచేత ఆ రోజు ప్లీడరుగారు మాట్లాడుతున్నంతసేపూ జీవితంలో ఎన్నడూ విననంత శ్రద్ధగా విన్నాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం గురించి ఆవిడ చెప్పింది. భర్త పోతే ఆయన వాటాలో భార్యకీ, ఆడపిల్లలకీ కూడా హక్కుందని. నేను లేచి, ఒణుకుతూ, పంతులమ్మగారి మొహం చూస్తూ, మూడు వేళ్ళూ మడిచి అప్పజెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. మొహమాటానికే అయి ఉంటుంది. ఆ మూడు సంగతులు మాత్రం నా బుర్రలో దిగిపోయాయి.

మా అక్కని బాపట్ల ఇచ్చారు. 1979లో బావ పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఏడాది తిరక్కుండానే అక్క దగ్గర్నుంచి ఉత్తరం, పెద్దలు కూర్చుంటున్నారు, ఏదో కాగితం మీద సంతకం అంటున్నారు, నువ్వు రావే అని. తెనాలిలో రైలెక్కాను. నిడుబ్రోలు దాటేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆ తరవాత నాకు తెలియకుండానే వేళ్ళు మడవడం మొదలెట్టాను.

వసారాలో ఏడెనిమిది మంది. అక్క బావగార్లిద్దరూ, వాళ్ళ మేనమామ, పక్కింటి రిటైర్డు మేష్టారు, మా అన్నయ్య. ఆడవాళ్ళందరం లోపలి గదిలో. అక్క భోజనానికి బట్టకీ లోటు రానివ్వం, పిల్లల పెళ్ళిళ్ళు మేము చేస్తాం, నా భాగం నాకొద్దని అమ్మాయి రాసిస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది అని పెద్ద బావగారు ఎంతో నెమ్మదిగా, ప్రేమగానే చెబుతున్నారు. మా అన్నయ్య తల వంచుకొని చాప పుల్లలు లాగుతున్నాడు. అక్క నాకేసి చూసింది. ఆ చూపు ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఎదురుగా ఉంది.

మజ్జిగ ఇచ్చి రమ్మని నా చేతికి పళ్ళెం ఇచ్చారు. గడపమీదికి వెళ్ళాను. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడుతున్నాయి. "బావగారూ, ఒక్క మాట" అన్నాను. వసారా అంతా నిశ్శబ్దం. మళ్ళీ అదే! చీమలబారు, మీసాలు, అన్నీ కనిపించాయి. మొహాలు వెతుక్కొన్నాను. పక్కింటి మేష్టారి మొహం ఒకటే కాస్త మెత్తగా ఉంది. దాన్ని పట్టుకొన్నాను. "మా బావ పోయాడు గాని ఆయన వాటా పోలేదండీ. చట్టంలో అక్కకీ పిల్లలకీ హక్కుంది. అక్క ఇవాళ సంతకం పెట్టదు. కాగితం ఇవ్వండి, చూపించుకొని చెబుతాం" అన్నాను. అంతే. నాలుగు వాక్యాలు.

"నువ్వు లోపలికి పో" అన్నాడు అన్నయ్య. "ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అన్నారు మేనమామగారు. "ఎస్సెల్సీ అండి" అన్నాను. ఎవరో నవ్వారు. అప్పుడు ఆ మేష్టారు గొంతు సవరించుకొని, "అమ్మాయి చెప్పింది నిజమేనయ్యా" అన్నారు. ఆ పూట సంతకం ఆగింది.

మొత్తం గెలిచామని చెప్పను. పద్నాలుగు నెలలు పట్టింది తేలడానికి. అక్కకి ఎకరంన్నర మాగాణి, వెనక రెండు గదులు వచ్చాయి. రావలసింది ఇంకా ఎక్కువే. పెద్ద బావగారు పోయేదాకా నాతో మాట్లాడలేదు. మా అన్నయ్య మూడేళ్ళు రాఖీకి రాలేదు. ఆ ఎకరంన్నర మీదే ఇద్దరు పిల్లలూ డిగ్రీలు చదివారు. తరవాత 1986లో మన రాష్ట్రంలో ఆడపిల్లకి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా ఉందని చట్టం చేసినప్పుడు అక్క నాకు పోస్టుకార్డు రాసింది, "మనం కొంచెం ముందే మాట్లాడేశామే" అని.

అలాంటి గడపలు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకొంటున్న ఆడవాళ్ళు లేచి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ ఏ మాస్టారి దగ్గరా ఉపన్యాసం నేర్చుకోలేదు. మరుసటి ఏడు ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ తరవాత పంచాయతీల్లో ఆడవాళ్ళకి సీట్లొచ్చాయి. మొదట్లో సర్పంచి కుర్చీలో ఆవిడ, మాట మాత్రం పక్కన నిలబడ్డ ఆయనది. మా వైపు పల్లెల్లో అలాంటివి కళ్ళారా చూసి ఒళ్ళు మండిన రోజులున్నాయి. రెండోసారి గెలిచిన ఒకావిడ మాత్రం ఆయన్ని "మీరు కాస్త టీ చెప్పి రండి" అని పంపించి మాట్లాడింది. ఆ రోజు నేను తాగిన టీ భలే బాగుంది.

బాపట్లలో ఆ రాత్రి పెరట్లో మంచాలు వేసుకొని పడుకొన్నాం అక్కా నేనూ. సముద్రపు గాలి వస్తోంది. చాలాసేపటికి అక్క, "నువ్వు మాట్లాడుతున్నంతసేపూ తలుపు వెనక నుంచి నీ చెంగు పట్టుకొనే ఉన్నా, తెలుసా?" అంది. తెలియనే లేదు నాకు.

మనవరాలికి ఫోను చేశాను, సాయంత్రం అయిదింటికి. "ఏమైందే?" అన్నాను. "ఏడు నిమిషాలే మాట్లాడా అమ్మమ్మా. మధ్యలో ఒకచోట మొత్తం మర్చిపోయా" అంది. "అప్పుడేం చేశావు?" అన్నాను. "ముందు బెంచీలో మా ఫ్రెండు ఉంది, దాని మొహం చూశా. మళ్ళీ గుర్తొచ్చింది" అంది.

"పెరుగన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నా" అంది.